సంక్రాంతికి పిల్లలతో పెదనాన్నగారి దొడ్డికి వెళ్తున్నాం, ఏమేం చూసుకోవాలి?

ఇద్దరు పిల్లల తల్లి:

నమస్తే అండీ. హైదరాబాద్ నుంచి భోగి ముందురోజు బయలుదేరి దర్శి దగ్గర మా పెదనాన్నగారింటికి వెళ్తున్నాం, ముక్కనుమ అయ్యాక తిరుగు ప్రయాణం. ఇల్లు ఊళ్ళో కాదు, పొలంలోనే. ఆరు బర్రెలు, రెండు ఒంగోలు ఆవులు, ఒక జత ఎద్దులు, నలభై దాకా గొర్రెలు ఉన్నాయి. ఒక ఆవుకు నెలలు నిండాయి, పండగ రోజుల్లోనే ఈనొచ్చని వదిన చెప్పింది. పెదనాన్న, పెద్దమ్మ, అన్నయ్య, వదిన, ఒక జీతగాడు, పనంతా వీళ్ళదే. పాపకు 6 ఏళ్ళు, బాబుకు 11. ఇద్దరికీ గొడ్ల దగ్గర మెలగడం తెలియదు.

పిల్లల్ని గొడ్ల దగ్గరికి ఎంతవరకు పోనివ్వొచ్చు? కనుమనాడు తన చేత్తో ఆవుకు పొంగలి పెడతానని పాప ఇప్పటినుంచే అంటోంది, ఎంత పెట్టొచ్చు? వాళ్ళ పనికి అడ్డం రాకుండా ఎలా ఉండాలి? ఏం తీసుకెళ్ళాలి? గొడ్లున్న ఇళ్ళవాళ్ళు చెప్తే బాగుంటుంది.

దర్శి రైతు:

అమ్మా, ముందు పనికి అడ్డం రాకపోవడం గురించి చెప్తా, మిగతావి దాన్నిబట్టే ఉంటాయి. గొడ్లున్న ఇంటికి పండగ సెలవు లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు పేడ తీసి కొట్టం ఊడవడం, ఐదింటికి పాలు పితకడం, పాలకేంద్రం మూసేలోగా క్యాను దించడం. సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా మళ్ళీ ఇదే వరస. ఈ రెండు వేళల్లో మీ వదినను కాఫీ పెట్టమని, పిల్లల స్నానానికి నీళ్ళు కాచమని అడగొద్దు. పొద్దున పూట పొయ్యి మీరు అందుకోండి. ఆమె కొట్టంలోంచి వచ్చేసరికి టీ, పిల్లల టిఫిను అయిపోయి ఉంటే అంతకన్నా పెద్ద సాయం లేదు.

పాలు పితికేటప్పుడు కొత్తవాళ్ళు దగ్గర నిలబడితే బర్రె చేపదు, అంటే పొదుగులోకి పాలు దించదు. దూడను వదిలి చేపించాక ఐదారు నిమిషాల్లో పితికెయ్యాలి. ఆ మధ్యలో బెదిరితే ఎగచేపుద్ది, అంటే పాలు బిగబట్టుద్ది, ఇక ఆ పూట ఎంత లాగినా రావు. ఫోను లైటు, పిల్లల కేక, కొత్త కుక్క, ఏదైనా చాలు. ఆ పాల డబ్బు పోవడం ఒకటి, పొదుగులో మిగిలిపోతే పొదుగువాపుకు దారి తీయడం ఇంకొకటి. పిల్లలు చూడాలంటే మొదటి పూట గుమ్మం బయట నుంచి చూడనియ్యండి. మూడోనాటికి గొడ్లు వాళ్ళ వాసనకు, గొంతుకు అలవాటు పడతాయి, అప్పుడు మీ అన్నయ్య పక్కన కూర్చోనియ్యొచ్చు.

ఇక దగ్గరికి పోవడం. గొడ్డుకు కళ్ళు పక్కలకు ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ కనపడుద్ది, సరిగ్గా తోక వెనక మాత్రం కనపడదు. అక్కడినుంచి వచ్చి చెయ్యేస్తే తన్నుద్ది. ఆవు తాపు నేరుగా వెనక్కి కాదు, పక్కకు తిరిగి ముందుకు వచ్చుద్ది. పక్కన నిలబడ్డా వెనక కాలికి అందే చోటు ఉండకూడదు. ముందు వైపు నుంచి, అది చూస్తుండగా, మాట వినిపిస్తూ భుజం దగ్గరికి పోవాలి. మొదట మెడ కింద గంగడోలు నిమరాలి. నుదురు మీద, కొమ్ముల మధ్య చెయ్యి పెడితే పొడవడం నేర్పినట్టే. దూడలతో ఆడేటప్పుడు పిల్లలు ఎక్కువగా చేసేది ఇదే. దూడగా ఉన్నప్పుడు ముద్దుగానే ఉంటది, రెండేళ్ళకు అదే మనిషిని గోడకు నొక్కుద్ది.

ఎద్దుల దగ్గరికి పెద్దవాళ్ళు పక్కన లేకుండా వద్దే వద్దు. ఒంగోలు ఎద్దు ఐదారు వందల కిలోలు ఉంటది. కోపంతో కాదు, ఈగ వాలిందని తల విసిరినా చాలు పాప ఎగిరిపడుద్ది. తల దించి, పక్కకు తిరిగి నిలబడి, గిట్టతో మట్టి గీరి బుస కొడితే వెనక్కి పరిగెత్తొద్దు, దాన్ని చూస్తూనే మెల్లగా అడుగులు వెనక్కి వెయ్యాలి. ఎర్రబట్టలకు బెదురుద్దని అంటారు గాని రంగుతో పనిలేదు, రెపరెపలాడే చున్నీ, గొడుగు, బెలూను చూసి బెదురుద్ది. ముకుతాడు, పలుపు చేతికి చుట్టుకోకూడదని బాబుకు గట్టిగా చెప్పండి. ఎద్దు ఒక్కసారి లాగితే వేళ్ళు ఉండవు.

గొడ్ల డాక్టరు:

కనుమ పొంగలి సంగతి నేను చెప్తాను. కనుమ మర్నాడు పశువైద్యశాలలకు వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం ఇదే.

పెద్ద ఆవుకు పాప దోసిలి నిండా పొంగలి ఒక్కసారి పెట్టొచ్చు, దానివల్ల ఏమీ కాదు. చిక్కు ఎక్కడంటే పాప పెడుతుంది, బాబు పెడతాడు, పెద్దమ్మ పూజ అయ్యాక పెడుతుంది, వీధిలో వాళ్ళు వచ్చి తలా ఒక ముద్ద పెడతారు, సాయంత్రం మిగిలిన అన్నం, పాయసం, బూరెలు, గారెలు అన్నీ కుడితి తొట్టిలో పడతాయి. గొడ్డు పొట్టలో ఉండే సూక్ష్మజీవులు గడ్డి, చొప్ప జీర్ణం చేయడానికి అలవాటు పడి ఉంటాయి. ఒక్కసారిగా పిండిపదార్థం ఎక్కువ పడితే అది గంటల్లోనే పులిసి ఆమ్లం అవుతుంది. పొట్ట కదలిక ఆగిపోతుంది, ఆ ఆమ్లం రక్తంలోకి ఎక్కుతుంది. దీన్ని అజీర్తి అని తేలిగ్గా తీసుకోకూడదు, ప్రాణం పోతుంది.

గుర్తులు 12 నుంచి 24 గంటల్లో కనిపిస్తాయి. మొదట నెమరు ఆగుతుంది, మేత ముట్టదు. ఎడమ డొక్క బిగుసుకుంటుంది. తర్వాత పుల్లటి వాసనతో పలచగా పారుతుంది, తూలుతుంది, పడుకుంటే లేవదు. నెమరు ఆగిందని చూడగానే 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఈలోగా కుడితి, దాణా పూర్తిగా ఆపేసి ఎండుగడ్డి మాత్రమే ముందు వేయాలి. వంటసోడా నీళ్ళు గొట్టంతో పోయడం చేతనైనవాళ్ళే చేయాలి. తల పైకెత్తి నాలుక పట్టుకుని పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అప్పుడు రెండు జబ్బులవుతాయి.

అందుకే పొద్దున్నే ఒక గిన్నెలో గొడ్డుకు ఒక దోసిలి లెక్కన తీసి పక్కన పెట్టండి. ఎవరు పెట్టినా ఆ గిన్నెలోంచే. గిన్నె ఖాళీ అయితే ఇంకెవరైనా వస్తే పచ్చగడ్డి పరక చేతికివ్వండి. ముందు ఎండుగడ్డి కడుపునిండా తిన్నాక పొంగలి పెడితే ఇంకా మంచిది. చూలు ఆవుకు, ఈనిన ఆవుకు మాత్రం అదీ వద్దు.

పూలదండల సంగతి ఎవరూ పట్టించుకోరు. బజారులో కొన్న దండలు కొన్నిటికి సన్న ఇనుప తీగ ఉంటుంది. పక్క గొడ్డు ఆ దండను తీగతో సహా మింగుతుంది. ఆ తీగ రెండో పొట్టలో దిగబడి, పొట్ట ముడుచుకున్నప్పుడల్లా ముందుకు జరిగి గుండెపొరను గుచ్చుతుంది. వారాల తర్వాత గొడ్డు చిక్కిపోయి, మెడ కింద నీరు దిగి చనిపోతుంది, కారణం ఎవరికీ తోచదు. నూలుదారంతో గుచ్చిన బంతిపూలు వాడండి, పూజ అవగానే దండ తీసేయండి. పిల్లల చిప్స్ కవర్లు, చాక్లెట్ కాగితాలు, బట్టల పిన్నులు కూడా అంతే. దొడ్డిలో పడ్డది పొట్టలోకి పోయినట్టే లెక్క. గాలిపటాలు తీసుకెళ్తే నైలాన్ మాంజా వద్దు, అది నిషిద్ధం. కాళ్ళకు చుట్టుకుంటే కోస్తుంది, మింగితే పేగుల్లో చిక్కుపడుతుంది.

పిల్లలు సరదాగా పచ్చమేత కోసి పెడతామంటారు. జొన్న ముట్టనివ్వకండి. లేత జొన్నలో, నీళ్ళు లేక వాడిన జొన్నలో, కోత అయ్యాక మోళ్ళ నుంచి వచ్చే పిలకల్లో నాము ఉంటుంది. అది సైనైడ్ విషం, నిమిషాల్లో గొడ్డు పడిపోతుంది. సూపర్ నేపియర్ గడ్డో, ఇంకో మేతో, మీ పెదనాన్నగారు చూపించిన మడిలోనే కోయాలి.

కొండపి పొలం:

డాక్టరుగారూ, కనుమకు గొడ్లకు పెట్టకపోతే ఇంకెప్పుడు పెడతాం? తరతరాలుగా పెడుతూనే ఉన్నాం కదా, అన్నిటికీ జబ్బులు రాలేదే?

గొడ్ల డాక్టరు:

పెట్టొద్దని నేనెక్కడా అనలేదండీ, కొలత చెప్పాను. అప్పట్లో పొంగలి కొర్రలతోనో కొత్తబియ్యంతోనో కొద్దిగా వండి పంచేవాళ్ళు, దొడ్డిలో ఇరవై గొడ్లు ఉండేవి, తలకు ఒక ముద్ద వచ్చేది. ఇప్పుడు గొడ్లు తగ్గాయి, వండే బియ్యం పెరిగింది, అంతా రెండు మూడు గొడ్ల మీద పడుతోంది. రోజూ తవుడు, చిట్టు, దాణా తినే పాడిబర్రె కొంత తట్టుకుంటుంది. గడ్డి మీదే బతికే ఎద్దు, వట్టిపోయిన ఆవు తట్టుకోలేవు.

జీవాల మంద:

గొర్రెల గురించి ఎవరూ చెప్పలేదు. గొడ్లకన్నా జీవాలు, అంటే గొర్రెలు, మేకలు ఇంకా సున్నితం. అన్నం, జొన్నలు, మొక్కజొన్నలు పిల్లలు దోసిళ్ళతో పెడితే గొర్రెపిల్లకు చిటుక రోగం వస్తుంది. సాయంత్రం గెంతిన పిల్ల పొద్దునకు కాళ్ళు చాచి పడి ఉంటుంది. బాగా బలిసిన పిల్లలకే ముందు వస్తుంది. టీకా వేసి ఉన్నా సరే గింజలు పెట్టొద్దు. తుమ్మకాయలు, వేరుశనగ కట్టె, సుబాబుల్ రెమ్మ గుప్పెడు చేతికిస్తే పిల్లల సరదా తీరుతుంది.

పొట్టేలు ఉంటే దానికి వీపు చూపించకూడదు, దాని ముందు వంగకూడదు. అది నాలుగడుగులు వెనక్కి వేస్తోందంటే కొట్టడానికే. నెల్లూరు పొట్టేలు నిలబడితే పాప భుజం ఎత్తు వస్తుంది. కాపలా కుక్కలు మందకు కొత్తవాళ్ళను రానివ్వవు. అన్నయ్యతో కలిసి వెళ్ళి వాసన చూపించాకే పిల్లలు తిరగాలి. కరిచినా, గోరు గీరినా వెంటనే సబ్బుతో, పారే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రిలో టీకా మొదలుపెట్టాలి. పసుపు, సున్నం, కారం ఏవీ పెట్టకూడదు.

బాబుకు పనికొచ్చే చదువు కూడా అక్కడే ఉంది. తెల్లటి ఒళ్ళు, మూతి, కళ్ళచుట్టూ నల్లమచ్చలున్నది జోడిపి. తెలుపు మీద లేత గోధుమ మచ్చలుంటే పల్ల. ఒళ్ళంతా ఎరుపుగోధుమ అయితే బ్రౌన్ రకం. మూడూ నెల్లూరు జాతే. మందలో ఏది ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమంటే ఒక పూట గడిచిపోతుంది.

ఇద్దరు పిల్లల తల్లి:

అందరికీ చాలా కృతజ్ఞతలు. పొంగలి గిన్నె పద్ధతి పెద్దమ్మకు ఫోన్‌లో చెప్పాను, సరేనంది. ఇంకొన్ని అడుగుతాను, విసుక్కోకండి. ఆవు మేం ఉన్నప్పుడు ఈనితే పిల్లలు చూడొచ్చా? జున్ను కావాలని మావారు అంటున్నారు. గుమ్మపాలు, అంటే అప్పుడే పితికిన పచ్చిపాలు పిల్లలకు బలమని పెద్దమ్మ అంటుంది, తాగించొచ్చా? రాత్రుళ్ళు బయట మంచాలేసుకుని పడుకోవచ్చా?

గొడ్ల డాక్టరు:

ఈనడం దూరం నుంచి, మాట్లాడకుండా, ఒక్కరిద్దరు చూడొచ్చు. చుట్టూ మూగితే ఆవు నొప్పులు ఆపుకుంటుంది. ఉమ్మనీటి సంచి కనిపించాక రెండు గంటల్లో దూడ రాకపోతే డాక్టరును పిలవాలి. ఎవరూ లాగొద్దు. దూడ వెనక వచ్చే మాయ 12 గంటల్లో పడాలి, వేలాడుతోందని దానికి రాయి కట్టడం, లాగడం చేయొద్దు. మాయను, ఉమ్మనీటిని పిల్లలు ముట్టుకోకూడదు. ఈనిన రోజు ఆవుకూ దూడకూ మధ్యలోకి పాప వెళ్ళకూడదు, రోజూ సాధువుగా ఉండే ఆవు కూడా అప్పుడు పొడుస్తుంది.

జున్నుపాలు మొదట దూడవి. పుట్టిన గంట, రెండు గంటల్లో దూడ తాగాలి, మొదటి రోజు మొత్తం మీద దాని బరువులో పదోవంతు పడాలి. 25 కిలోల దూడైతే రెండున్నర లీటర్లు. తల్లి నుంచి దూడకు రోగాలను తట్టుకునే శక్తి ఆ పాలలోనే వస్తుంది, 24 గంటలు దాటితే పేగులు దాన్ని పీల్చుకోలేవు. ఇంటికొచ్చిన అల్లుడిగారి కోసమని మొదటి పూటే చెంబు నింపితే దూడకు పారుడు పట్టుకుంటుంది. రెండోరోజు మిగిలితే జున్ను వండుకోండి.

గుమ్మపాలు వద్దు. పెద్దమ్మగారి మాట కాదనడం కష్టమే, కానీ బ్రుసెల్లా అనే గొడ్ల జబ్బు, క్షయ రెండూ పచ్చిపాలలో వస్తాయి, చూడ్డానికి ఆవు ఆరోగ్యంగానే ఉంటుంది. పొంగు వచ్చాక ఇంకో రెండు మూడు నిమిషాలు కలుపుతూ మరిగించి తాగించండి.

దర్శి రైతు:

బయట పడకకు మంచాలు, దోమతెర తప్పనిసరి. తెర అంచులు పరుపు కిందికి దోపాలి. నేలమీద చాప వద్దు. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట పడుకున్నవాళ్ళనే కరుస్తుంది, నొప్పి, వాపు అంతగా ఉండవు, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి. గడ్డివామి, పిడకల గూడు, రాళ్ళగుట్ట దగ్గర పొద్దుగూకాక చెప్పుల్లేకుండా, టార్చి లేకుండా పోవద్దు. కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం, నోటితో పీల్చడం చెయ్యొద్దు. కాలు కదలకుండా కర్ర కట్టి, మెట్టెలు, పట్టీలు తీసేసి, 108లో విషానికి మందున్న ఆసుపత్రికి చేర్చాలి.

ఇంకో మూడు చోట్ల పిల్లలమీద కన్నుండాలి. ఒకటి సాగర్ కాలవ. జనవరిలో నీళ్ళుంటాయి, సిమెంటు గోడ ఏటవాలుగా పాచిపట్టి ఉంటది, జారినవాడు ఈత వచ్చినా ఎక్కలేడు. రెండు గడ్డి కత్తిరించే మిషను. వాడనప్పుడు స్విచ్చి కాదు, ప్లగ్గు పీకి ఉంచమని అన్నయ్యకు చెప్పండి. మూడు పక్క పొలాల్లో పొగాకు. ఈ రోజుల్లో ఆకు కోత, బ్యారన్ల (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే గదుల) మంట నడుస్తుంటాయి. మంచుతో తడిసిన పొగాకు తోటలో పిల్లలు ఆడితే చర్మంలోంచే నికోటిన్ ఎక్కి వాంతులు, తలతిరుగుడు వస్తాయి. అట్టా అయితే బట్టలు మార్చి సబ్బుతో ఒళ్ళు కడగాలి. బ్యారన్ లోపల చివరి దశలో వేడి 70 డిగ్రీలు ఉంటది, గొట్టాలు ఇంకా ఎక్కువ కాలతాయి.

భోగిమంట గడ్డివామికి దూరంగా, గాలి వామివైపు వీయని చోట వెయ్యాలి. పక్కన రెండు బిందెల నీళ్ళు ఉండాలి. వామి అంటుకుంటే ఎండాకాలం మేతంతా పోయినట్టే.

కొండపి పొలం:

తీసుకెళ్ళేవి: మిఠాయిలు తగ్గించి పనికొచ్చేవి పట్టుకెళ్ళండి. వామి మీద కప్పే టార్పాలిన్, తలకు పెట్టుకునే టార్చి, స్టీలు పాలక్యాను, ఖనిజ లవణ మిశ్రమం సంచి. ఆ మిశ్రమం పాడిగొడ్డుకు రోజుకు 50 గ్రాములు, నెల రోజులకు కిలోన్నర లెక్క. పెద్దవాళ్ళకు బట్టలు పెట్టేటప్పుడు జీతగాడికీ ఒక జత పెట్టండి. పిల్లలకు మడమలు మూసే బూట్లు, పొడుగు చేతుల చొక్కాలు. కుక్కపిల్ల ఉంటే హైదరాబాద్‌లోనే ఎవరికైనా అప్పజెప్పండి. దర్శి, పొదిలి, కనిగిరి వైపు బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ, తాగడానికి క్యాన్ నీళ్ళు మీరే తెప్పించండి, నలుగురు మనుషులకు రోజుకు 20 లీటర్ల క్యాను ఒకటి.

కారులో అయితే నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, పిడుగురాళ్ళ మీదుగా అద్దంకికి వచ్చి దర్శికి మళ్ళండి, ఒంగోలు దాకా దిగక్కర్లేదు. రైలు టిక్కెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు, పండగవి ఆ పొద్దునే అయిపోతాయి.

ఎద్దుల జతలు బరువు బండను లాగే బండలాగుడు పోటీలకు బాబును తీసుకెళ్ళండి. పోటీలు ఎద్దుల పళ్ళనుబట్టి, అంటే వయసునుబట్టి పెడతారు. గొడ్డుకు పైదవడలో ముందుపళ్ళు ఉండవు, కింద ఎనిమిదే. పాలపళ్ళు ఊడి రెండు పళ్ళు వస్తే రెండు, రెండున్నరేళ్ళు, నాలుగైతే మూడేళ్ళు, ఆరైతే నాలుగుకు దగ్గర. ఇది చెప్పి పంపితే ఆట అర్థమవుతుంది. హద్దుగా కట్టిన తాడు లోపలికి, బండ వెనక్కి మాత్రం పోనివ్వకండి. ఒంగోలు పక్కన కరవది నుంచి 1960లలో బ్రెజిల్‌కు వెళ్ళిన కోడె వంశం ఇప్పటికీ అక్కడ మందల్లో ఉంది, అక్కడ ఈ జాతిని నెలోర్ అంటారు. అది వింటే పెదనాన్నగారి ఎద్దుల్ని ఇంకో కంటితో చూస్తాడు.

గొడ్ల డాక్టరు:

ఇంకొక్కటి. వెళ్ళే ముందు ఏ సంతకో, ఇంకో దొడ్డికో వెళ్ళి ఉంటే అవే చెప్పులతో లోపలికి పోకండి, గాలికుంటు వ్యాధి అలాగే చేరుతుంది. బకెట్ నీళ్ళకు నాలుగు శాతం చాకలిసోడా, అంటే పది లీటర్లకు 400 గ్రాములు కలిపి చెప్పుల అడుగులు రుద్ది కడగండి, చేతులకు తగలకుండా.

తిరిగొచ్చాక మూడు వారాల్లోపు పిల్లలకు జ్వరం వస్తే ఒళ్ళంతా, చంకలు, గజ్జలు, బెల్టు కట్టే చోటు వెతకండి. సిగరెట్ కాల్చినట్టు నల్లటి పొక్కు కనిపిస్తే అది స్క్రబ్ టైఫస్ అనే, గడ్డిలోని చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం కావచ్చు. పొక్కు లేకపోయినా గొడ్ల దగ్గర, గడ్డిలో తిరిగామని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. దానికి మందు వేరే, మామూలు జ్వరం మాత్రలతో తగ్గదు.